కాంట్రాక్టు చదివిపెట్టే మనిషి కావాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థల అధికారులకు,

నమస్కారం.

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలు పీఈటీ సార్ అంటారు. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే గ్రౌండుకి పోయి ఫుట్‌బాల్ ఆడిస్తున్నాను. ఇన్నేళ్ళలో నేను పై ఆఫీసులకు రాసినవన్నీ బంతులు పంపమనో, గోల్‌పోస్టులు వేయించమనో పెట్టుకున్న దరఖాస్తులే. ఈసారి అడుగుతున్నది వస్తువు కాదు, మనిషిని. విదేశీ క్లబ్బు నుంచి మన పిల్లలకు కాగితం వచ్చినప్పుడు దాన్ని చదివి, అందులో మంచేమిటో చెడేమిటో ఆ ఇంటివాళ్ళకు తెలుగులో చెప్పే మనిషి ఒకరు కావాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఎనిమిదింటప్పుడు, మా దగ్గర ఆడే ఒక అమ్మాయి వాళ్ళ నాన్న ఇంటికి వచ్చాడు. తండా నుంచి పన్నెండు కిలోమీటర్లు, వానలో, బండి మీద. తువ్వాలతో చేతులు తుడుచుకుని, చొక్కా లోపల దాచుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పద్నాలుగు పేజీలు నా ముందు పెట్టాడు. జిరాక్స్ సెంటర్లో తీయించిన ప్రింటు. పైన యూరప్‌లోని ఒక క్లబ్బు గుర్తు, కింద నీలం సంతకం, మధ్యలో అంతా ఇంగ్లీషు.

"సార్, నాకు సదువు రాదు. పిల్ల సదివింది గానీ దానికీ సమజ్ గాలే. లచ్చా ఎనభై వేలు కడ్తే ట్రయల్స్‌కు తీస్కపోతమంటున్నరు. పొలం పాస్‌బుక్కు పెడ్తే సేటు పైసలిస్తనన్నడు. పెట్టాల్నా, వద్దా? మీరేది చెప్తే గదే."

గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఎకరం ముప్పై గుంటలు ఆయన పొలం. అది ఉండాలో పోవాలో నా నోటి మాట మీద పెట్టాడు. నేను చదివింది బీపీఈడీ. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పగలను, వాచిన మోకాలికి ఐసు పెట్టగలను. దేశాల మధ్య జరిగే ఒప్పందం చదవడం నాకెవరు నేర్పారు?

పదకొండున్నర దాకా కూర్చున్నాం. ఫోన్లో ఒక్కో మాట కొట్టి అర్థం చూసుకుంటూ, పెన్సిలుతో పక్కన రాసుకుంటూ పోయాను. ఆరో పేజీలో అమ్మాయి పుట్టిన తేదీ దగ్గర పెన్సిలు ఆగింది. నా దగ్గరున్న టెన్త్ మెమో ప్రకారం అప్పటికి ఆమెకి పదహారేళ్ళ పది నెలలు. కాగితంలో పంతొమ్మిదేళ్ళు ఉంది. ఇదేమిటని అడిగితే ఆయన తల దించుకున్నాడు. ఏజెంటే అలా రాయించాడట. "ఆధార్ సంగతి నేను చూస్కుంట, మీరు ఫికరు జెయ్యకుండ్రి" అన్నాడట.

మర్నాడు ఆ క్లబ్బు సొంత వెబ్‌సైట్ వెతికి, అందులో ఉన్న ఈమెయిల్‌కి కాగితం ఫొటోలు పంపాను. మూడో రోజు జవాబు వచ్చింది. మేము ఏ ట్రయల్స్ పెట్టలేదు, ఆ సంతకం మా వాళ్ళది కాదు అన్నారు. ఆ సంగతి ఏజెంటుకి ఫోన్లో చెప్పిన రోజు నుంచి ఆ నంబరు మోగలేదు. పాస్‌బుక్కు ఇంట్లోనే ఉండిపోయింది.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. పుట్టిన తేదీ సరిగ్గా రాసి ఉంటే నేనూ బోల్తా పడేవాణ్ణి. నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయి నిజంగా బాగా ఆడుతుంది. ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని లోపలికి దూసుకొస్తే మా కుర్రాళ్ళే ఆపలేరు. రేపు ఆమెకి నిజమైన క్లబ్బు నుంచి నిజమైన కాగితం వస్తే? ఒకసారి చేయి కాల్చుకోబోయిన వాణ్ణి కాబట్టి నేను వద్దంటాను. వాళ్ళ నాన్నా వద్దంటాడు. చదివిపెట్టే మనిషి లేని చోట దొంగ కాగితానికి పొలాలు పోతాయి, మంచి కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. రెండూ నష్టమే.

మంచి కాగితాలు రావని కాదు. మా జిల్లాకే వచ్చింది. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా అమ్మాయి. 2022లో గోకులం కేరళ క్లబ్బు నుంచి క్రొయేషియా వెళ్ళి, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో పాటు డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. నేను ఆమె కోచ్‌ని కాను, ఆమె గురించి పేపర్లలో చదివిందే నాకు తెలుసు. కానీ ఆ వార్త వచ్చిన రోజు మా గ్రౌండులో ఏం జరిగిందో కళ్ళారా చూశాను. పేపరు కటింగు నోటీసు బోర్డుకి అంటిస్తే, ఆరో తరగతి పిల్లలు గ్లోబు తెచ్చి క్రొయేషియా ఎక్కడుందో వెతికారు. ఇటలీకి ఎదురుగా, సముద్రానికి అవతల, వేలి గోరంత జాగా. జనాభా నలభై లక్షలు కూడా లేని దేశం, 2018లో ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. "మన నిజామాబాద్ అక్క అక్కడ ఆడుతదా సార్" అని ఒక పాప పదిసార్లు అడిగింది.

ఆ ఆగస్టులో మన ఫుట్‌బాల్‌కి ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. బయటివాళ్ళ పెత్తనం నడుస్తోందని 2022 ఆగస్టు 15న ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్‌ని సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్బుల పోటీ కోసం అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది. 26న సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ వాళ్ళ టోర్నీ పోయింది. అదే వారంలో, ఆగస్టు 18న, పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ సైప్రస్‌లో అపోలోన్ జట్టు తరఫున మైదానంలో దిగి, యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలైంది. ఇక్కడ తలుపు మూసుకుపోయిన వారంలోనే అక్కడ ఒకటి తెరుచుకుంది. విదేశీ క్లబ్బు అంటే పేరు కోసం, డబ్బు కోసం అని మనం అనుకుంటాం. ఆటగాళ్ళకి దానికన్నా ముందు కావలసింది ఆడడానికి మ్యాచ్‌లు. ఏడాది పొడవునా లీగు నడిచే చోటు.

సౌమ్య తిరిగొచ్చినప్పుడు మా వైపు కొందరు "ఏమైంది, వచ్చేసిందా?" అన్నారు. ఓడిపోయి వచ్చినట్టు మాట్లాడారు. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. వచ్చాక ఆమె ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ భారత మహిళల లీగు గెలిచింది, ఆ సీజన్‌కి ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. 2025 జూలైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2–1తో ఓడించారు. క్వాలిఫయింగ్ ఆడి ఆసియా కప్‌కి అర్హత సాధించడం మనకు అదే మొదటిసారి. ఆ జట్టులో సౌమ్య ఉంది. బయట గడిపిన కాలం ఆమె కెరీర్‌కి మధ్యలో ఒక మెట్టు. మన దగ్గర దాన్ని అలా చూడడం రాదు. విమానం ఎక్కినప్పుడు దండలు వేస్తాం, దిగినప్పుడు ఎందుకు దిగావని అడుగుతాం.

ఇంకా వెనక్కి పోతే, 1936లో కలకత్తా నుంచి మహమ్మద్ సలీం స్కాట్లండ్ వెళ్ళి, కాళ్ళకు బూట్లు లేకుండా, బట్ట చుట్టుకుని సెల్టిక్ క్లబ్బు తరఫున ఆడాడు. అక్కడివాళ్ళు ఉండిపొమ్మన్నా ఇంటి మీద బెంగతో వచ్చేశాడంటారు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఆ బెంగ అలాగే ఉంది. తండాలో సాయంత్రం అయ్యేసరికి పది గడపల వాళ్ళు వాకిట్లో కూర్చునే చోట పెరిగిన పిల్ల, నాలుగింటికే చీకటి పడే చలి ఊళ్ళో, భాష రాని గదిలో ఒక్కతే కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. జొన్నరొట్టె సంగతి సరే, మాట్లాడడానికి మనిషి ఉండడు. మ్యాచ్ ఉన్న రోజు ఫర్వాలేదు. మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టిన రోజు రాత్రి ఫోన్ ఎవరికి చేయాలి? ఇంటికి చేస్తే అమ్మ ఏడుస్తుంది.

దెబ్బ తగిలితే ఇంకా కష్టం. మణిపూర్ అమ్మాయి బాలా దేవి 2020 జనవరిలో గ్లాస్గోలోని రేంజర్స్‌తో పద్దెనిమిది నెలల ఒప్పందం చేసుకుంది. యూరప్‌లో ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన మొదటి భారతీయ మహిళా ఫుట్‌బాలర్ ఆమె. వెళ్ళిన రెండు నెలలకే కరోనాతో లీగు ఆగిపోయింది. ఆ డిసెంబరులో మదర్‌వెల్ మీద గోల్ కొట్టింది. తర్వాత మోకాలి లిగమెంట్ దెబ్బతింది. ఆ దెబ్బంటే మామూలు సంగతి కాదు, ఆపరేషన్, ఆ తర్వాత నెలల తరబడి కసరత్తు. ఆడపిల్లలకి ఈ దెబ్బ మగపిల్లలకన్నా ఎక్కువగా తగులుతుందని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. బాలా దేవికి మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది. అలాంటి ఆధారం ఉన్న మనిషికీ, ఏమీ లేకుండా ఉన్న కాస్త పొలం తాకట్టు పెట్టి పోయిన పిల్లకీ తేడా మీకు నేను చెప్పాలా? క్రొయేషియాకే వెళ్ళిన మన డిఫెండర్ సందేశ్ జింగాన్ 2021లో షిబెనిక్ క్లబ్బులో చేరి, గాయాలతో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడకుండానే తిరిగి రావాల్సి వచ్చింది. జాతీయ జట్టులో స్థిరపడ్డ ఆటగాడు కాబట్టి ఇక్కడ మోహన్ బగాన్ తలుపు తెరిచే ఉంది. పేరు రాని పిల్లలకు ఏ తలుపు తెరిచి ఉంటుంది?

కొన్నిసార్లు ఆటకీ గాయానికీ సంబంధమే ఉండదు. 2009లో సునీల్ ఛెత్రిని లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకుందామనుకుంది. ఫిఫా ర్యాంకింగ్‌లో మన దేశం మొదటి డెబ్బైలో లేదని బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. ఎంత బాగా ఆడినా దేశం ర్యాంకు అడ్డం పడింది. ఇలాంటి సంగతి ముందే తెలిస్తే అటు దరఖాస్తు చేసి నెలలు పోగొట్టుకోకుండా వేరే దేశం చూసుకుంటారు. తెలియాలంటే చెప్పేవాళ్ళుండాలి కదా.

ఆ వానాకాలం రాత్రి తర్వాత నేను ఊరుకోలేదు. ఆటగాళ్ళు క్లబ్బు మారడం గురించిన ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిబంధనల పుస్తకం తెచ్చుకుని, సెలవుల్లో మా ఇంగ్లీషు సార్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. చదువుతుంటే ఆశ్చర్యమేసింది. మా భయాల్లో చాలావాటికి అందులో జవాబులున్నాయి. మాకు చెప్పినవాళ్ళే లేరు.

పద్దెనిమిది నిండని పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మార్చడానికి ఫిఫా ఒప్పుకోదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పని మీద ఆ దేశానికి మారితేనో, ఇంకా కొన్ని అలాంటి సందర్భాల్లోనో మినహాయింపు ఉంటుంది. ఈ నిబంధన తప్పినందుకు 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బునే కొత్త ఆటగాళ్ళని కొనకుండా నిషేధించారు. అలాంటప్పుడు మా తండా పిల్ల వయసు మార్చి పంపితే, పట్టుబడిన రోజు ఆమె బతుకేమయ్యేది? ఏజెంటు ఫోన్ ఆపేసుకుని పోతాడు, కేసు పిల్ల మీద ఉంటుంది.

ఏజెంటుకి ఫిఫా లైసెన్సు ఉండాలి, అది పరీక్ష రాసి తెచ్చుకోవాలి. లైసెన్సు ఉందో లేదో ఎవరైనా ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. అతనికి రావలసింది ఒప్పందం కుదిరాక జీతంలో వాటా. ట్రయల్స్ ఫీజని ముందే లక్షలు అడిగినప్పుడే అనుమానించాలి.

కాంట్రాక్టు కనీసం ఆ సీజన్ చివరిదాకా ఉండాలి, ఐదేళ్ళు దాటకూడదు. మెడికల్ పరీక్షలో పాసైతేనే, వర్క్ పర్మిట్ వస్తేనే ఈ ఒప్పందం చెల్లుతుంది అని క్లబ్బు మెలిక పెట్టడానికి వీల్లేదు. ఆ పరీక్షలన్నీ సంతకానికి ముందే చేసుకోవాలి. మాకు వచ్చిన దొంగ కాగితంలో సరిగ్గా ఆ మెలికే ఉంది. ఆ రాత్రి నేను దాన్ని చదివి 'సబబుగానే ఉంది' అనుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రెండు నెలల జీతం ఎగ్గొడితే, పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే ఆటగాడు తప్పు తనది కాకుండా బయటికి రావచ్చు. బాకీ కోసం ఫిఫా దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. ఆటగాడు దానికి ఖర్చు పెట్టుకోనక్కరలేదు. రెండేళ్ళ లోపు మాత్రం చేయాలి. రెండేళ్ళు దాటితే ఎంత న్యాయమైన బాకీ అయినా పోయినట్టే. ఈ గడువు ఎంతమంది పిల్లలకు తెలుసు? మన రాష్ట్రంలో వ్యాయామం చెప్పే మాస్టర్లలో ఎంతమందికి తెలుసు? నాకు నలభై ఆరేళ్ళొచ్చేదాకా తెలియదు.

అధికారులూ, ఇది మనకు కొత్త సమస్య కాదు. మా నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో గల్ఫ్‌కి పోయిన మనిషి లేని వాడకట్టు ఉండదు. విజిట్ వీసా మీద పంపి కంపెనీ వీసా అని చెప్పిన ఏజెంట్లని చూశాం. ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా అని లక్షలు గుంజినవాళ్ళని చూశాం. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయి, బయట కల్లివెల్లి అయి, అంటే కాగితాలు లేకుండా, దాక్కుని బతికిన అన్నదమ్ముల్ని, పెట్టెలో తిరిగొచ్చిన వాళ్ళని చూశాం. అన్ని ఏళ్ళ ఏడుపు తర్వాతనే కదా ఇవాళ కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంట్లు రిజిస్టర్ కావాలి. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. గల్ఫ్ లాంటి దేశాలకు పోయే కూలీలకు ప్రవాసీ భారతీయ బీమా ఉంది. నర్సులనీ డ్రైవర్లనీ పంపడానికి తెలంగాణలో టామ్‌కామ్ ఉంది. ఆంధ్రలో ప్రవాసుల కోసం ఏపీఎన్నార్టీ ఉంది.

ఫుట్‌బాల్ ఆడడానికి పోయే పిల్ల కూడా పనికి పోయే మనిషే. జీతం తీసుకుంటుంది, ఒళ్ళు అరగదీసుకుంటుంది, వీసా గడువు చూసుకుంటూ బతుకుతుంది. కానీ ఆమె కూలీల లెక్కలోకి రాదు కాబట్టి ఆ ఆఫీసులు తమ పని కాదంటాయి. క్రీడల ఆఫీసులకేమో విదేశాలతో పని లేదు. రెండింటి మధ్యా పిల్లలు జారిపోతున్నారు.

అందుకే అడుగుతున్నాను. హైదరాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు. లా చదివి, ట్రాన్స్‌ఫర్ నిబంధనలు తెలిసిన మనిషి. పెద్ద డిపార్ట్‌మెంటు అక్కర్లేదు. ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్, జిల్లా క్రీడాధికారుల ఆఫీసుల గోడల మీద ఆ నంబరు. కాగితం పంపితే వారం లోపల జవాబు రావాలి. ఏజెంటు పేరు లైసెన్సు జాబితాలో ఉందా, క్లబ్బు ఆ దేశ సమాఖ్యలో రిజిస్టరై ఉందా, జీతం ఎప్పుడెప్పుడు ఇస్తారు, గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, తిరుగు టికెట్ ఎవరు కొంటారు. ఇవి చూసి చెప్తే చాలు. వెళ్ళాక కూడా నెలకోసారి ఆ పిల్లకి ఫోన్ చేసి, జీతం పడిందా అమ్మా అని తెలుగులో అడగాలి. ఒక సీజన్‌కి బీమా మీరు కట్టండి. వెళ్ళేది పదుల్లోనే కాబట్టి ఖర్చు పెద్దది కాదు.

ఇంకొకటి ఉంది, ఇది బడులకు సంబంధించింది. ఆటగాడు డబ్బిచ్చి కొనే ట్రాన్స్‌ఫర్ మీద ఇంకో దేశం వెళ్తే, ఆ మొత్తంలో ఐదు శాతం అతన్ని పన్నెండో ఏడు నుంచి ఇరవై మూడో ఏడు దాకా తయారుచేసిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నిబంధన. ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో ఎక్కువమంది క్లబ్బుల మధ్య డబ్బు లేకుండా ఫ్రీగానే మారతారు కాబట్టి ఐదు శాతం అంటే సున్నాయే. శిక్షణ పరిహారం అని ఇంకొకటి ఉంది, అది ఆడవాళ్ళకు అసలు వర్తించదని నిబంధనల్లోనే రాశారు. ఆడపిల్లల్ని తయారుచేసిన చోటికి పైసా రాదన్నమాట. దాన్ని మార్చడం మీ చేతుల్లో లేదు, నాకు తెలుసు. మీ చేతుల్లో ఉన్నది రిజిస్ట్రేషన్. ఆటగాళ్ళనీ క్లబ్బులనీ నమోదు చేసే ఏఐఎఫ్ఎఫ్ ఆన్‌లైన్ వ్యవస్థ సీఆర్ఎస్‌లో పేరు నమోదైన క్లబ్బుకే ఏ లెక్కయినా వస్తుంది. మా బడి పేరు అందులో లేదు. గురుకులాల్లో, తండాల్లో, అనంతపురం పల్లెల్లో పొద్దున ఐదింటికి పిల్లల్ని పరుగెత్తిస్తున్న ఎన్నో జట్లు ఏ రికార్డులోనూ లేవు. పన్నెండేళ్ళ పిల్ల ఎక్కడ ఆడిందో ఈరోజు రాసి పెట్టకపోతే, పదేళ్ళ తర్వాత ఎవరూ రాయలేరు. దయచేసి నమోదు చేయించండి.

తిరిగొచ్చేవాళ్ళ సంగతీ చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి ఇచ్చే సర్టిఫికెట్లు దేశానికి ఆడితే ఒక ఫారం, రాష్ట్రానికి ఆడితే ఒకటి, యూనివర్సిటీకి ఒకటి, స్కూలుకి ఒకటి. విదేశీ లీగులో క్లబ్బుకి ఆడిన సీజన్‌కి ఏ ఫారమూ లేదు. జాతీయ జట్టులోకి రాని పిల్ల రెండేళ్ళు యూరప్‌లో ఆడి వస్తే, కాగితాల మీద ఆ రెండేళ్ళూ ఆమె ఏమీ చేయనట్టే. మన రాష్ట్రాల కోటాల్లోనైనా ఆ సీజన్లను లెక్కలోకి తీసుకునే మార్గం పెట్టండి. లేకపోతే ఏ తండ్రీ కూతుర్ని పంపడు. 'రెండేండ్లు పాయె, సర్కారు నౌకరీ వయసు పాయె' అంటాడు. ఆ మాటలో తప్పేం లేదు.

ఇక్కడ క్లబ్బు ఉంటే బయటికి పోవలసిన పనేముంది అని మీరు అనవచ్చు. హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన గడ్డ ఇది. రహీం సాబ్ ఈ ఊరివాడే, 1962 ఆసియా క్రీడల్లో మనకు బంగారం తెచ్చిన కోచ్. కానీ 2022 మార్చిలో దేశంలోని పెద్ద లీగు ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ నాలుగేళ్ళు తిరక్కుండానే ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు మా పిల్లలకు ప్రొఫెషనల్‌గా ఆడాలంటే కోల్‌కతా, కేరళ, గోవా, లేదంటే ఇంకా దూరం. పోవడం ఎలాగూ తప్పదు. కళ్ళు మూసుకుని పోకుండా చూడమనే నా విన్నపం.

ఆ అమ్మాయికి వచ్చే సెప్టెంబరులో పద్దెనిమిది నిండుతాయి. పోయిన నెల ఇంకో కాగితం వచ్చింది. ఈసారి క్లబ్బు సొంత ఈమెయిల్ నుంచే వచ్చింది, డబ్బులేమీ అడగలేదు, పుట్టిన తేదీ సరిగ్గా ఉంది. తొమ్మిది పేజీలు. నేను మూడుసార్లు చదివాను, నాలుగో పేజీలో గాయం గురించి ఉన్న రెండు పేరాలు నాకు అర్థం కాలేదు. సంతకానికి ఆగస్టు చివరిదాకా గడువుంది. వాళ్ళ నాన్న రెండు రోజులకోసారి ఫోన్ చేసి, "ఏమన్నరు సార్, పెద్దసార్లు?" అని అడుగుతున్నాడు. కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. మీ ఆఫీసులో ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పండి. నేనే పట్టుకొస్తాను, అమ్మాయినీ వాళ్ళ నాన్ననీ వెంటబెట్టుకుని.

ఇట్లు,
నిజామాబాద్ జిల్లా నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు